పాత డుకాటి టైమింగ్ బెల్టులు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

కొత్తచక్రం:
1990ల నాటి డుకాటి 900 ఎస్ఎస్ బైకు తీసుకున్నాను, కార్బురేటర్ బండి. అమ్మినాయన "బెల్టులు మార్పించాను" అన్నారు గానీ ఎప్పుడో చెప్పలేకపోయారు. కాగితం లేదు. బండి చాలాకాలం కదలకుండా నిలబడే ఉంది. కవర్లు తీసి చూస్తే పగుళ్లేమీ లేవు. ఆయిలు, చైను, బ్రేకు ప్యాడ్ల పనులు నేనే చేసుకుంటాను. బెల్టులు కూడా చేసుకోవచ్చా, తెలిసినవాళ్ల చేతిలో పెట్టాలా?

టార్క్‌రెంచి:
చేతిలో పెట్టాలి. ఆయిలు మార్చడం వేరు, ఇది వేరు. ఆ ఇంజిన్లో వాల్వుల్ని నడిపేది ఈ బెల్టే. అది తెగినా, పళ్లు జారినా వాల్వు తెరుచుకున్నచోటే ఆగిపోతుంది. కింది నుంచి పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్ కూడా పోతుంది. నా బతుకుతెరువే ఈ పని, ఊరికే భయపెట్టడం లేదు.

పగుళ్లు లేవన్న ధైర్యం వద్దు. నిలబడిపోయిన బండిలో బెల్టు రోలర్ల దగ్గర వంగినచోట అలాగే బిగుసుకుపోతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. ఆ కాలపు బళ్లకు కంపెనీ చెప్పింది 20,000 కిలోమీటర్లు లేదా రెండేళ్లు, ఏది ముందొస్తే అది. ఎప్పుడు వేశారో తెలియని బెల్టుకు గడువు దాటినట్టే లెక్క. మార్చేదాకా స్టార్ట్ చేయకండి.

వి_ట్విన్:
అందుకే నేను మోటో గుజ్జి దగ్గర ఆగిపోయాను. సిలిండర్లు రెండూ చెరోపక్కకు బయటికొచ్చి ఉంటాయి, కవరు విప్పితే రాకర్లు, అంటే వాల్వుల్ని కదిపే చిన్న మీటలు, ఎదురుగానే. ఈ బెల్టు గొడవే లేదు.

రెండువాల్వులు:
బెల్టు పాతదైతే ఏమవుతుందో టార్క్‌రెంచి గారు చెప్పింది నిజం. కానీ అది బెల్టు మార్చమనడానికి కారణం, ఇంట్లో మార్చొద్దనడానికి కాదు.

డుకాటి వాల్వుల పద్ధతి డెస్మో, ఆ పేరు వినగానే చాలామంది జంకుతారు. వాల్వును తెరవడానికి ఒక రాకరు, మూయడానికి ఇంకో రాకరు, అంతే డెస్మో. బెల్టు మార్చేటప్పుడు వాటి జోలికి వెళ్లే పనే లేదు. డుకాటి ఇంజినీరు ఫాబియో టాలియోనీ చేసిన పాత ట్విన్లలో (రెండు సిలిండర్ల ఇంజిన్లలో) ఇదే డెస్మోను షాఫ్టులూ బెవెల్ గేర్లూ తిప్పేవి. 1970ల చివర్లో పాంటా మోడల్‌తో బెల్టులొచ్చాయి. ఇక బెల్టు తెగితే వాల్వులు వంగడం స్ప్రింగులున్న ఇంజిన్లలోనూ ఉన్నదే.

పని ఇదీ. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ప్లగ్గులు రెండూ తీసేయండి. వెనక చక్రం పైకెత్తి, టాప్ గేరు వేసి, చక్రాన్ని ముందుకే తిప్పుతూ పుల్లీల మీది గుర్తులు ఇంజిన్ మీది గుర్తులతో కలిసేదాకా తీసుకురండి. కలిశాక తెల్ల పెయింటుతో మీ గుర్తులు కూడా పెట్టుకోండి, పుల్లీ మీదొకటి, పక్కన కదలనిచోట ఒకటి. టెన్షనర్ (బెల్టును బిగించి ఉంచే రోలరు) బోల్టులు వదులుచేసి బయటి బెల్టు ముందు, లోపలిది తర్వాత తీయాలి. రోలర్లను వేలితో తిప్పి చూడండి, గరగరమంటే బేరింగు పోయినట్టే, అవీ మార్చేయండి. కొత్త బెల్టు చేత్తోనే ఎక్కాలి. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నితే లోపలి పోగులు దెబ్బతింటాయి, పైకి తెలియదు.

బిగువుకు 5 మి.మీ. అలెన్ కీ చాలు. రోలరుకూ బెల్టుకూ మధ్య అది రాసుకుంటూ దూరాలి, 6 మి.మీ.ది దూరకూడదు. ఆపైన క్రాంకును, అంటే పిస్టన్లు తిప్పే షాఫ్టును, రెండు చుట్లు తిప్పాలి, అప్పటికి వాల్వుల్ని నడిపే కామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. గుర్తులన్నీ మళ్లీ కలిస్తే పని సరిగా అయినట్టు.

టార్క్‌రెంచి:
అలెన్ కీ కొలత పరికరం కాదు. "రాసుకుంటూ" అంటే ఎంత? మీ చేతికి రాసుకున్నట్టున్నది నా చేతికి వదులుగా ఉంటుంది. వదులైతే పన్ను జారుతుంది. మరీ బిగిస్తే బేరింగుల మీద బరువు పడి బెల్టు కూయడం మొదలుపెడుతుంది. అందుకే టెన్షన్ గేజీ ఉంది.

రెండువాల్వులు:
ఒకటి పడితే సరైంది, పక్క సైజు పడకపోతే సరైంది. అదే కదా కొలత? సందు కొలిచే సన్నని రేకు, ఫీలర్ గేజీ, పనిచేసేదీ ఇలాగే.

టార్క్‌రెంచి:
ఫీలర్ గేజీ దూరేది రెండు గట్టి లోహాల మధ్య. ఇక్కడ ఒకవైపున్నది రబ్బరు, నొక్కితే లొంగుతుంది. రెండూ ఒకటి కావు.

షిమ్ములపెట్టె:
ఫోన్ యాప్‌తో కొలిచేవాళ్లకు ఒక మాట. బెల్టును మీటితే వచ్చే శబ్దం ఎన్ని హెర్ట్జులో చూడటం మంచి పద్ధతే, కానీ సిలిండరుకు నాలుగు వాల్వులున్న ఇంజిన్ల అంకె తెచ్చి ఇలాంటి రెండు వాల్వుల ఇంజిన్‌కు పెట్టకండి. బెల్టు పొడవు వేరు, రోలర్ల మధ్య దూరం వేరు.

గ్యారేజిగోడ:
గేజీనా కీనా అన్నది తర్వాత. అడిగినాయన చేసుకోగలడా లేదా అన్నది ఎవరూ తేల్చలేదు.

రెండువాల్వులు:
చేసుకోగలడు. చేసుకోవాలి కూడా. ఎందుకంటున్నానో చెప్తాను. నా బండిని ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను, పేరెందుకు గానీ. బిల్లులో బెల్టులు రెండు, మార్చిన కూలీ అని స్పష్టంగా ఉంది. తర్వాత వేరే పని మీద కవరు విప్పితే, బండి ఇవ్వకముందు నేను బెల్టు అంచున పెట్టుకున్న పసుపు చుక్క పెట్టినచోటే ఉంది. బెల్టు మీది అక్షరాలు అరిగి సగం పోయి ఉన్నాయి. ఆ బెల్టుల మీదే నా భార్యను వెనక కూర్చోబెట్టుకుని హైవే మీద తిరిగాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత నా ఇంజిన్ మీద ఇంకో చెయ్యి పడనివ్వలేదు.

టార్క్‌రెంచి:
అది దొంగతనం. దొంగను మెకానిక్ అనకండి.

మీకొకటి జరిగితే నాకొకటి జరిగింది. ఒకాయన బండి తెచ్చి, "అంతా ఇంట్లోనే చేశాను, వాల్వులు మాత్రం సరిచేయండి" అన్నారు. టెన్షనర్ బోల్టు వంకరగా ఎక్కించి బలవంతంగా తిప్పిన ఆనవాలుంది. అల్యూమినియం మర కదా, బోల్టు విప్పుతుంటే లోహపు తీగ దానికే చుట్టుకుని బయటికొచ్చింది. డ్రెయిన్ ప్లగ్ మర పోతే టేపు చుట్టి కూర్చోబెట్టారు. రెండింటికీ హెలికాయిల్ (పాడైన మరలో వేసే కొత్త మర) వేసి నిలబెట్టాను. ఆయన నలుగురిలో చెప్పిందేమిటో తెలుసా? నా చేతిలో పెట్టాకే బోల్టు పాడైందని! నా పదిమంది కస్టమర్ల ముందు ఆ మాట పడ్డాను. "చేసుకోవాలి కూడా" అని మీరు సులువుగా రాసేశారు. అలా చేసినవి చివరికి నా బల్ల మీదికే వస్తాయి.

రెండువాల్వులు:
ఎవరో మర పాడుచేస్తే దానికి నేనా జవాబుదారీ? టార్క్ రెంచి వాడొద్దని నేనెక్కడ రాశాను? మీకు ఇంట్లో చేసుకునేవాళ్లంటేనే చులకన.

టార్క్‌రెంచి:
మీకు జీతం తీసుకుని చేసేవాళ్లంతా దొంగలు.

గ్యారేజిగోడ:
ఇద్దరూ కాస్త ఆగండి.

టార్క్‌రెంచి:
ఆగను. అసలు విషయం ఇప్పుడు చెప్తాను. మీ బండి మీరు విప్పుకోండి, పాడైతే మీదే. నాకు అభ్యంతరం లేదు. కానీ ఏదో ఒకరోజు దాన్ని అమ్ముతారు. కొన్నవాడికి ఏం చెప్తారు? "బెల్టులు మార్చాను." ఏ బెల్టు, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, బోల్టు ఎంత టార్కుకు బిగించారు? ఏదీ ఉండదు. అడిగినాయన ఇప్పుడు ఉన్నది సరిగ్గా ఆ స్థితిలోనే. నా కోపం అలెన్ కీ మీద కాదు. మనిషి మారితే బండి చరిత్ర చెరిగిపోతోందని.

రెండువాల్వులు:
ఇది మొదటే అనుంటే ఇంత రాసేవాణ్ని కాదు. ఒప్పుకుంటాను, ఇంట్లో చేసేవాళ్లలో రాసిపెట్టుకునేవాళ్లు తక్కువ. కానీ నా దగ్గరున్న బిల్లులో తేదీ ఉంది, కిలోమీటర్లున్నాయి, స్టాంపు ఉంది. బెల్టులే లేవు. కాగితం ఉంటే చరిత్ర ఉన్నట్టు కాదు. నేను తీసిన ప్రతి పాత భాగాన్నీ తేదీ రాసి కవరులో పెడతాను, అరిగిన రోలర్లతో సహా. అమ్మేరోజు అవీ బండితోపాటే వెళ్తాయి. మీ స్టాంపు కన్నా దాన్నే నమ్ముతాను.

టార్క్‌రెంచి:
పాత భాగాలు తిరిగివ్వడం నా దగ్గరా ఉంది. అడగకపోయినా ఇస్తాను. కానీ మీలా భద్రపరిచేవాళ్లు ఎంతమంది? నేను చూసేది మిగతావాళ్లను.

షిమ్ములపెట్టె:
కొత్తచక్రం గారూ, బెల్టులు విప్పాం కదా అని అదే ఊపులో వాల్వ్ కవర్లు కూడా తీసి మూసే షిమ్ముల (వాల్వును మూసే రాకరు దగ్గర సందు సరిచేసే చిన్న లోహపు ముక్కల) మీద చెయ్యి వేయకండి. ఆ షిమ్మును పట్టి ఉంచేవి రెండు సన్నని అర రింగులే. పిస్టన్ పైకి లేకుండా వాటిని తీస్తే వాల్వు సిలిండర్లోకి జారిపోతుంది, ఇక హెడ్డు విప్పాల్సిందే. బెల్టుల పని ఇంట్లో, వాల్వుల పని ఈసారికి బయట. నా మాట ఇది.

కొత్తచక్రం:
అందరికీ నమస్కారం. నిన్న పాత బెల్టులు బయటికి తీశాను. విడిగా వదిలేసినా ఒకచోట వంపు అలాగే ఉంది, టార్క్‌రెంచి గారు చెప్పినట్టే. లోపలివైపు ఒక అంచున ఆయిలు మరక కూడా ఉంది. నిలువు సిలిండర్ రోలరు తిప్పితే గరుకుగా తగులుతోంది. కొత్త బెల్టులు, రోలర్లు తెప్పిస్తున్నాను. నేనే ఎక్కిస్తాను, వాల్వులు మాత్రం బయట చూపిస్తాను.

టార్క్‌రెంచి:
ఆయిలు ఎక్కణ్నుంచి కారుతోందో కనిపెట్టకుండా కొత్త బెల్టు వేయొద్దు, నాలుగు రోజుల్లో అదీ నానుతుంది. కామ్ పుల్లీ వెనక, కింది షాఫ్టు దగ్గర సీళ్లు చూడండి.

అలెన్ కీ మీద నా మాట మారలేదు, గేజీ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. బిగించి రెండు చుట్లు తిప్పాక, కవర్లు పెట్టకముందు, మూడు పుల్లీల గుర్తులూ దగ్గరగా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. నేను చూసేదాకా స్టార్టర్ నొక్కకండి.

రెండువాల్వులు:
ఆ ఫొటోల మీద తేదీ, కిలోమీటర్లు కూడా రాయండి. కింది షాఫ్టు సీలు మార్చాలంటే పుల్లీ తీయాలి, దాని నట్టుకు వేరే పనిముట్టు కావాలి. సుత్తీ ఉలీ పెట్టి కొట్టకండి. అది దొరికేదాకా బండి అలాగే ఉండనివ్వండి.