పాటల కోసం రిసీవరా, స్టీరియో ఆంప్లిఫయరా?

అన్నలూ, ఒక సలహా కావాలి. కూకట్‌పల్లిలో మా హాలు 10 బై 12. 8 ఓమ్‌ల బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత ఉంది. పాత ఆంప్లిఫయర్ ఎడమవైపు గరగరమంటోంది, వాల్యూమ్ నాబ్ మీద తడితే కాసేపు ఊరుకుంటుంది. కొత్త స్టీరియో ఆంప్లిఫయర్ కోసం కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే, అదే ధరకి 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లూ, బేస్ కోసం ఒక సబ్‌వూఫరూ పెట్టుకునే హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్) తీసుకోండి, సినిమాలకీ పనికొస్తుందన్నాడు షాపతను. కానీ రిసీవర్ డబ్బా మీద వేసే వాట్లు చాలాసార్లు ఐదు ఛానెళ్లూ కాక ఒకట్రెండే నడిపి కొలిచినవి కదా! మేం వినేది ఎక్కువగా ఘంటసాల, బాలమురళి. సినిమా ఎప్పుడో ఆదివారం. రిసీవర్‌లో డైరెక్ట్ మోడ్ (సౌండ్‌కి మార్పులు చేయకుండా నేరుగా వినిపించేది) పెడితే పాటకి సరిపోతుందా? లేక హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే ఆంప్లిఫయర్‌కి తెచ్చేది) ఉన్న స్టీరియో ఆంప్లిఫయరే నయమా? రెండూ వాడినవాళ్లు చెప్పండి. సబ్‌వూఫర్ మాత్రం వద్దు, కింది ఫ్లాట్ ఆంటీ ఊరుకోదు.