“సాధనమున పనులు సమకూరు”: ఇక్కడ సాధనం అంటే అభ్యాసమా, పనిముట్టా?

పర్లాకిమిడి: ఒడిశాలోని మన గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు మాటల మీద పుస్తకం రాయడానికి వికీ, అంటే అందరూ కలిసి రాసి దిద్దుకునే సైటు, పెట్టుకున్న సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. దాని మొదటి పేజీలో వేమన పద్యం పెడదామని ఒకరు “సాధనమున పనులు సమకూరు ధరలోన” అని టైప్ చేశారు. ఇంకొకరు దాన్ని “సాధనమ్మున” చేశారు, మూడోవారు మళ్ళీ వెనక్కి తిప్పారు. పేజీ చరిత్ర తెరిస్తే అంతా ఆ “మ్ము” మీదే. ఏది సరి? సాధనం అంటే పనిముట్టు అని తీసుకుంటేనే వికీ గుమ్మం మీద ఈ పాదం నప్పుతుంది, కాబట్టి అర్థం కూడా తేల్చండి.

రాయగడ మాస్టారు: “మ్ము” కుదరదండీ. ఆటవెలది మూడో పాదం: సాధ, నమున, పనులు, సమకూరు, ధరలోన. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. “మ్ము” పెడితే నాలుగో గణం “లు”తో మొదలై, పాదం మొదటి “సా”తో కలవాల్సిన యతి పోతుంది, పాదం చివర ఒక అక్షరం మిగిలిపోతుంది. అర్థం అంటారా, అభ్యాసమే. పై రెండు పాదాలూ చూడండి, అనగననగ రాగం, తినగ తినగ వేము. రెండూ మళ్ళీమళ్ళీ చేసే పనులే. పనిముట్టు ఎక్కడుంది?

బరంపురం: అభ్యాసాన్ని సాధన అంటాం కదా మాస్టారూ, సాధనం అనం. వీణ సాధన చేస్తాం, వీణ సాధనం. వేమన వాడింది రెండోది.

రాయగడ మాస్టారు: ఇప్పటి వాడుకను ఆయన మీదికి తోస్తే ఎలా? సంస్కృతంలో సాధనం నపుంసకలింగం. సాధించడమూ అదే, దేనితో సాధిస్తామో అదీ అదే. రెండు మాటలుగా విడదీసుకున్నది మనం.

జయపురం: మీరు మూడో పాదంలో కూర్చున్నారు, నా పట్టుదల రెండో పాదం మీద. మా అమ్మమ్మ “వేము తియ్యగుండు” అనేది, బళ్ళో “తియ్యనుండు” చెప్పారు. తియ్య, నుండు. తియ్య, గుండు. గణాలు రెండింటికీ సరిపోతాయి, యతి తి-తి మీద ఉంది కాబట్టి దానికీ ఇబ్బంది లేదు. అంటే ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. వేమన జనం నోట్లో బతికిన కవి, కాబట్టి నేను “గ” వైపు.

గునుపురం: నోట్లో బతికాడు కనుకే ఇన్ని పాఠాలు. బ్రౌను 1829లో వేమన పద్యాలు అచ్చువేయించి, మళ్ళీ 1839లో ఇంకో కూర్పు తెచ్చాడంటే ఊరికే కాదు. ఊరూరి నుంచీ వ్రాతప్రతులు తెప్పించడం, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించడం, తేడాలు రాయించడం, ఇదంతా జరిగింది. మనం వికీలో రెండు కూర్పుల తేడా చూపించు అని నొక్కితే కనబడేది ఆ పనే కదా. మా వైపు నుంచి చూస్తే బ్రౌను కంటే గిడుగు వారే దగ్గర. సవర గిరిజనుల మధ్య తిరిగి ఒక్కొక్క మాటా పట్టుకుని, 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. తాపీ ధర్మారావు గారు బరంపురంలో పుట్టి, పర్లాకిమిడిలో ఆయన దగ్గరే చదువుకున్నారు. ఈ పుస్తకం ఈ నేల మీద రాయాల్సిందే.

బరంపురం: తాపీ వారి పేరు మీరెత్తారు కాబట్టి చెబుతున్నా, వాడుక భాష గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఆయన వచనం చదవాలి. సరే, వికీ సంగతికి రండి. పుస్తకం దానితో ఎలా రాస్తున్నారు? నాకు వర్డ్ ఫైలు మెయిల్లో అటూ ఇటూ పంపడమే తెలుసు, ఎవరిది తాజా ఫైలో తెలియక ఎప్పుడూ టెన్షనే.

పర్లాకిమిడి: ముందు విషయసూచిక ఒక్కటే రాశాం, ప్రతి మాటకీ లింకు పెట్టి. పేజీ లేనివి ఎర్రగా కనబడతాయి, అదే మా పనుల పట్టిక. ఎవరికి ఏది తెలిస్తే ఆ ఎర్ర లింకు నొక్కి రెండు ముక్కలు రాస్తారు, అది మొలక. బుగత, గుంట, అప్ప ఇలాగే మొదలయ్యాయి. “అప్ప” అంటే మా ఊళ్ళో అక్క. మరోచోట ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఒకరు చర్చా పేజీలో రాశారు, ఆ వాదం అక్కడే జరిగింది, వ్యాసం చెడలేదు. ఒకే మాటని రెండు రకాలుగా రాస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి దారిమార్పు. “ఇక్కడికి లింకున్న పేజీలు” నొక్కితే ఏ మాట ఎన్నిచోట్ల పలికిందో తెలుస్తుంది, అధ్యాయాలు విడగొట్టడానికి అదే ఆధారం. కానీ వరస మాత్రం వికీ ఇవ్వదు. ఏ పేజీ నుంచైనా ఏ పేజీకైనా పోవచ్చు, పుస్తకానికి అలా కుదరదు కదా. ఆ పని ఒక మనిషే కూర్చుని చేయాలి, మేం ఒకరికి అప్పగించాం.

రాయగడ మాస్టారు: అదిగో, మళ్ళీ అభ్యాసం దగ్గరికే వచ్చారు. వికీ ఉండగానే పుస్తకం రాలేదు, రోజూ కూర్చుని దిద్దుతుంటే వస్తోంది.

బరంపురం: రోజూ దిద్దడానికి చోటు ఇచ్చింది ఏమిటి మరి? వర్డ్ ఫైలుతో మేమూ రోజూ కూర్చున్నాం.

గునుపురం: ఈ వికీ అన్న మాటే హవాయి భాషది, త్వరగా అని అర్థం. హొనలులు విమానాశ్రయంలో తిరిగే బస్సుకి ఆ పేరుండేది, దాన్ని చూసి 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ తన సైటుకి పెట్టుకున్నాడు. త్వరగా అనే పేరున్నదాని మీద తినగ తినగ పద్యమా! నాకైతే నచ్చింది. పెట్టండి.

పర్లాకిమిడి: “మ్ము” తీసేశాను, పేజీకి తాళం వేయలేదు. అర్థం చర్చా పేజీలో ఇద్దరి వాదనా పెట్టాను.

జయపురం: రెండో పాదం అడిగితే ఎవరూ పలకలేదు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని “తినగ తినగ వేము” అని అందించి, తర్వాత ఏమంటారో వినండి. న అన్నారా గ అన్నారా, ఏ ఊరు, ఇక్కడ రాయండి. పాత వ్రాతప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పాదం ఫోటో చాలు.