సి భాషలో ఆర్కైవ్ ప్రోగ్రాం: హెడర్ స్ట్రక్చర్ రెండు కంప్యూటర్లలో రెండు సైజులు చూపుతోంది

ప్రశ్న (పలాస నుంచి, ఇంజనీరింగ్ విద్యార్థి)

పెద్దలందరికీ నమస్కారం. మా తాతగారు తప్పెటగుళ్ళ బృందంలో ఏళ్ల తరబడి పాడినవారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా ఇంటి పైకప్పు రేకులు లేచిపోయినప్పుడు ఆయన పాటల పుస్తకాలు చాలావరకు తడిసిపోయాయి. మిగిలిన పేజీలను స్కాన్ చేసి, ఆయన గొంతుతో రికార్డు చేసిన పాటలతో పాటు కంప్యూటర్లో దాచుకున్నాము. ఆ ఫైళ్లన్నిటినీ ఒకే ఫైలుగా కట్టి, కావలసినప్పుడు విప్పుకునేలా సి భాషలో ఒక ఆర్కైవ్ ప్రోగ్రాం రాస్తున్నాను. కంప్రెషన్ ఇప్పుడే అక్కర్లేదు.

ప్రతి ఫైలుకూ ఒక స్ట్రక్చర్ పెట్టుకున్నాను. అందులో పేరుకు 100 అక్షరాల చార్ ఎరే, పరిమాణానికి ఇంట్, మార్చిన తేదీకి లాంగ్, రకానికి ఒక చార్ ఉన్నాయి. ఈ స్ట్రక్చర్‌ను ఎఫ్‌రైట్‌తో ఉన్నదున్నట్టు ఆర్కైవ్‌లోకి రాసి, దాని వెనకే ఫైలులోని డేటా రాస్తున్నాను. కాలేజీలోని 64 బిట్ల లినక్స్‌లో కట్టిన ఆర్కైవ్ అక్కడే విప్పితే చక్కగా వస్తోంది. దాన్నే ఇంట్లోని 64 బిట్ల విండోస్‌లో విప్పితే మొదటి ఫైలు పేరు, పరిమాణం, తేదీ సరిగానే చదువుతోంది గాని, రకం సున్నా అవుతోంది, ఫైలు ముందు 8 బైట్ల చెత్త చేరుతోంది, రెండో ఫైలు నుంచి ఏదీ కుదరడం లేదు. స్ట్రక్చర్ మొత్తం ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ కాలేజీలో 120 అనీ ఇంట్లో 112 అనీ చూపుతోంది. పైగా పొడవైన తెలుగు పేర్లు చివర తెగిపోయి, ప్రశ్నార్థకపు గుర్తులు వస్తున్నాయి. నా స్ట్రక్చర్‌లో తప్పెక్కడ ఉందో చెప్పగలరు.

జవాబు 1 (విజయనగరం నుంచి, కంప్యూటర్ అధ్యాపకుడు)

మీరు సైజాఫ్ రెండు చోట్లా కొలిచి చూడడం చాలా మంచి పని, ఎందుకంటే జవాబంతా ఆ రెండు అంకెల్లోనే ఉంది. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లే. లినక్స్‌లో 100, 4, 8, 1 కలిపితే 113 అవుతుంది. 8 బైట్ల ఫీల్డు ఉన్నందువల్ల కంపైలర్ దాన్ని 8 గుణిజానికి పెంచి 120 చేస్తుంది. విండోస్‌లో 109 వస్తుంది, అది 4 గుణిజానికి పెరిగి 112 అవుతుంది. విండోస్‌లో మీ ప్రోగ్రాం రకం కోసం చూసే చోట లినక్స్ రాసిన తేదీలోని పై 4 బైట్లలో ఒకటి ఉంటుంది. అది సున్నా కాబట్టే మీకు రకం సున్నాగా కనబడింది. తేదీలోని కింది 4 బైట్లు ముందు రాయబడ్డాయి గనుక తేదీ మాత్రం సరిగ్గా వచ్చింది. హెడర్‌లో చదవకుండా మిగిలిన 8 బైట్లే మీ ఫైలు మొదట్లో చేరిన చెత్త.

స్ట్రక్చర్ అన్నది మెమరీలో మన సౌకర్యం కోసం పెట్టుకున్న అమరిక. డిస్కు మీది అమరిక వేరే సంగతి, దాన్ని కంపైలర్‌కు వదిలిపెట్టకుండా ఏ బైటు ఎక్కడ ఉండాలో మనమే నిర్ణయించుకోవాలి. ఫైళ్లను ఒకటిగా కట్టే పాత పద్ధతి అయిన టార్ ఫార్మాట్ హెడర్ సరిగ్గా 512 బైట్లు ఉండి, అందులోని పరిమాణం, తేదీ వంటి సంఖ్యలు అష్టాంశ పద్ధతిలో అక్షరాలుగా రాసి ఉండడం వెనక ఉన్న మేలు ఇదే: ఏ యంత్రం మీద చదివినా ఒకే అర్థం వస్తుంది.

జవాబు 2 (బొబ్బిలి నుంచి)

ప్యాక్ ప్రాగ్మా అనే ఆదేశం కోడ్‌లో పెడితే కంపైలర్ ప్యాడింగ్ (గుణిజం కోసం చేర్చే ఖాళీ బైట్లు) పెట్టడం మానేస్తుంది. ఒక్క వరుసతో సరిపోతుందని నా అభిప్రాయం.

జవాబు 3 (శ్రీకాకుళం నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

బొబ్బిలి మిత్రులు చెప్పినది ప్యాడింగ్ వరకూ నిజమే గాని, ఈ ప్రశ్నకు అది చాలదు. ప్యాక్ చేసినా లినక్స్‌లో 113, విండోస్‌లో 109 వస్తాయి, తేడా అలాగే ఉంటుంది. లాంగ్‌కు బదులు 64 బిట్ల స్థిర పరిమాణపు రకం వాడాలి. అప్పుడు కూడా బైట్ల వరుస యంత్రాన్ని బట్టి మారవచ్చు కాబట్టి, ప్రతి సంఖ్యనూ 8 బిట్ల చొప్పున కుడికి జరుపుతూ, తక్కువ విలువ గల బైటు ముందు వచ్చేలా రాసే చిన్న ఫంక్షన్ ఒకటి, అదే వరుసలో చదివేది మరొకటి పెట్టుకోండి. నేనైతే డిస్కు మీద హెడర్ మొదలైందని తెలిపే 4 బైట్ల గుర్తు, 2 బైట్ల పేరు పొడవు, 1 బైటు రకం, 8 బైట్ల పరిమాణం, 8 బైట్ల తేదీ, 4 బైట్ల సీఆర్‌సీ (డేటా చెడలేదని సరిచూసే సంఖ్య), వెరసి 27 బైట్లు రాసి, వెంటనే పేరు రాస్తాను. పరిమాణానికి, తేదీకి 32 బిట్లతో సరిపెట్టుకోవద్దు. సెకన్ల లెక్కగా దాచే, ధన రుణ గుర్తు గల 32 బిట్ల తేదీ 2038 జనవరి 19తో నిండిపోతుంది, మీ తాతగారి పాటలు అంతకు మించి నిలవాలి కదా.

ఇక తెలుగు పేర్ల విషయం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. "తప్పెటగుళ్ళు" అన్న ఒక్క మాటలో గుణింతపు గుర్తులూ వత్తులూ కలిపి 12 సంకేతాలున్నాయి, అంటే 36 బైట్లు. చివరి సున్నా పోగా మీకు మిగిలే 99 బైట్లలో ఇలాంటి మాటలు మూడు కూడా పట్టవు, పేరులో ఖాళీలో అంకెలో ఉంటే కోత ఒక అక్షరం నడిమధ్య పడవచ్చు. అందుకని పేరుకు కొలత ముందే బిగించవద్దు. మెమరీలో అన్ని పేర్లనూ ఒకే పెద్ద బఫర్‌లో వరుసగా దాచి, ఎంట్రీలో పేరు మొదలయ్యే స్థానం, పొడవు మాత్రమే ఉంచండి. పాయింటర్ (మెమరీ చిరునామా) ఉంచితే, బఫర్‌ను పెంచే రీఅలాక్ దాన్ని మరో చోటికి మార్చిన క్షణాన పాత పాయింటర్లన్నీ పనికిరాకుండా పోతాయి. ఇదే తప్పు పట్టుకోవడానికి ఒకప్పుడు నాకు రెండు రాత్రులు పట్టింది.

ప్రశ్న అడిగినవారు

మాస్టారికీ శ్రీకాకుళం అన్నగారికీ ధన్యవాదాలు. హెడర్‌ను బైట్లవారీగా రాశాక కాలేజీలో కట్టిన ఆర్కైవ్ ఇంట్లో సరిగ్గా విప్పుకుంది. ఇంకొక సందేహం: జాబితా త్వరగా చూపించాలంటే సూచిక చివర పెట్టమంటున్నారు మా స్నేహితులు. మా ఊళ్లో కరెంటు మధ్యలో పోతూ ఉంటుంది, అప్పుడు సూచికే రాయకపోతే ఏమవుతుంది?

జవాబు 4 (విజయనగరం నుంచి, అదే అధ్యాపకుడు)

జిప్ ఫార్మాట్ ఇదే చిక్కును రెండు చోట్లా రాసి తప్పించుకుంటుంది: ప్రతి ఫైలు ముందూ ఒక చిన్న హెడర్ ఉంటుంది, చివర అన్నిటినీ చెప్పే సూచిక ఉంటుంది. మీ 27 బైట్ల హెడర్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, సూచిక పోయినా మొదటి నుంచి గుర్తులు చదువుకుంటూ పోయి దాన్ని తిరిగి కట్టవచ్చు. ఆర్కైవ్‌ను మొదట తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టండి. పాత ఆర్కైవ్ అదే పేరుతో ఉంటే సి లైబ్రరీలోని రీనేమ్ విండోస్‌లో విఫలమవుతుంది గనుక ఆ సందర్భాన్ని వేరుగా చూసుకోవాలి. స్థానాలు వెతకడానికి మామూలు ఎఫ్‌సీక్ వాడకండి, అది స్థానాన్ని లాంగ్‌గా తీసుకుంటుంది కాబట్టి విండోస్‌లో 2 గిగాబైట్లు దాటగానే ఆగిపోతుంది, రికార్డింగులు అంత కావడం ఎంతో దూరం లేదు.

విప్పేటప్పుడు మాత్రం ఆర్కైవ్ చెప్పే ఏ సంఖ్యనూ గుడ్డిగా నమ్మవద్దు. పేరు పొడవు గాని, పరిమాణం గాని, ఫైలులో మిగిలిన బైట్ల కంటే ఎక్కువ ఉంటే అక్కడే ఆపాలి. పేరులో పై ఫోల్డరుకు తీసుకుపోయే రెండు చుక్కల భాగం ఉంటే విప్పడానికి నిరాకరించాలి. సున్నా బైట్ల ఫైలు ఒకటి, ఎనభై సంకేతాల తెలుగు పేరున్న ఫైలు ఒకటి కట్టి, రెండు కంప్యూటర్లలోనూ విప్పి, సీఆర్‌సీ సరిపోయిందో లేదో చూసి ఇక్కడ రాయండి.