మౌంట్ ఐసాలో 10% డిపాజిట్‌తో హోమ్ లోన్ ఎవరికైనా వచ్చిందా?

అందరికీ నమస్కారం. మేం ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లోని మౌంట్ ఐసా అనే గనుల ఊళ్లో (పోస్ట్‌కోడ్ 4825) అద్దెకుంటున్నాం. ఇద్దరికీ పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది. నేను ఆసుపత్రిలో పర్మనెంట్, మా ఆవిడ టీచర్. అంటే మా జీతాలు గని నుంచి వచ్చేవి కావు.

ఇంటి ధరలో 10% డిపాజిట్ (మనం ముందు కట్టే వాటా) చేతిలో ఉన్నా బ్యాంకు 30% కట్టమంటోంది. కారణం అడిగితే జీతాల ఊసే లేదు, "మైనింగ్ టౌన్ పోస్ట్‌కోడ్" అని ఒక్క లైను. 2025 జులైలో ఇక్కడి భూగర్భ రాగి గనులు మూతపడ్డాయి కదా, ఇళ్ల ధరలు పడిపోతాయని వాళ్ల భయం. కానీ జార్జ్ ఫిషర్ జింక్ గని నడుస్తూనే ఉంది. రాగి స్మెల్టర్‌ని (ఖనిజం కరిగించి రాగి తీసే కర్మాగారాన్ని) నిలబెట్టడానికి ప్రభుత్వాలు 60 కోట్ల డాలర్ల దాకా ప్రకటించాయి. ఇవన్నీ రాసి పంపినా జవాబు మారలేదు.

మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (డిపాజిట్ తక్కువైనప్పుడు బ్యాంకుకు నష్టం రాకుండా తీసుకునే బీమా) కడతామన్నాం. ఆ బీమా వాళ్లూ పోస్ట్‌కోడ్ చూసి కాదన్నారు. బ్రోకరేమో టౌన్స్‌విల్‌లో కొనుక్కోమంటాడు. 900 కిలోమీటర్లు! రోజూ డ్యూటీకి విమానంలో రావాలేమో.

గనులు మూతపడ్డాక 4825లో 10% డిపాజిట్‌తో లోన్ దొరికినవాళ్లుంటే చెప్పండి: ఇచ్చింది పెద్ద బ్యాంకా, సభ్యుల సొంత బ్యాంకా, లేక వేరే సంస్థా?