బాల్యంలో గాయపడినవారు పాటతో ఇతరుల బాధను తగ్గించే పనిలోకి రావచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. చిన్నతనంలో ఇంట్లో అనుభవించిన హింస వల్ల నేను చాలా ఏళ్ళు ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేకపోయాను. మా వీధి రామాలయంలో భజన బృందంతో గొంతు కలిపిన తరువాతే ఆ భయం నెమ్మదిగా తగ్గింది. నా వంటి వారిని కూర్చోబెట్టుకొని, కీర్తనలు పాడి, వారికి ఊరట కలిగించడమే నా జీవితం కావాలని ఇప్పుడు బలంగా అనిపిస్తోంది. అందుకు గొంతుతో పాటు ఏమి ఉండాలి? ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉన్నారా?

సమాధానం 1:
మనకు తరిగొండ వెంగమాంబ ఉన్నారు. 18వ శతాబ్దంలో బాల్యవివాహం, చిన్న వయసులోనే వైధవ్యం, విధవ వేషం ధరించనన్నందుకు ఊరివారి వేధింపులు, ఇవన్నీ అనుభవించి ఆమె తిరుమల చేరారు. 1817లో మరణించే వరకు రచనతో, స్వామి సేవతో గడిపారు. ‘తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’ అన్న నానుడి నేటికీ నిలిచి ఉంది. ఆమె పాడింది స్వామి కోసం. విన్నవారికి కలిగిన ఊరట దానంతట అదే వచ్చిందని నా అభిప్రాయం. మీరు కూడా బాధ పోగొడతానన్న మాటతో కాకుండా, కలిసి పాడుకుందాం రమ్మనే పిలుపుతో మొదలుపెట్టండి.

సమాధానం 2:
రోగం కుదర్చడానికే పాడిన వ్యక్తి కావాలంటే మరియా సబీనా జీవితాన్ని చూడండి. మెక్సికోలోని ఒహాకా రాష్ట్రంలో, మసతెక్ అనే ఆదివాసీ ప్రజలలో 1894లో పుట్టారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు, ఆకలి వెంటాడింది. జబ్బుపడిన సోదరి కోసం రాత్రంతా మంత్రగానం చేయడంతో సబీనా ఇతరులకు వైద్యం చేయడం మొదలైంది. ఆ పూజలో పవిత్రంగా భావించే పుట్టగొడుగులకూ స్థానం ఉంది కనుక, అంతా పాట మహిమే అనడం సరికాదు. పైగా ఆమె తాత, ముత్తాత కూడా అదే విద్య తెలిసినవారు. 1957లో ఒక అమెరికన్ పత్రికలో ఆ పూజ గురించి వ్యాసం వచ్చాక బయటివారు గుంపులుగా ఊరి మీద పడ్డారు. ఆగ్రహించిన ఊరివారు ఆమెను నిందించారు, ఆమె ఇల్లు తగలబడింది, చివరకు 1985లో పేదరికంలోనే కన్నుమూశారు. అందుకే మీ సభలో పాల్గొన్నవారి కన్నీళ్ళను దయచేసి ఎప్పుడూ వీడియో తీయనివ్వకండి.

సమాధానం 3 (మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్నాను):
పాట వింటూ ఒకరు హఠాత్తుగా వణికిపోతే, ఊపిరి అందక పాత సంఘటనలోకి జారిపోతే మీరు ఏమి చేస్తారో ముందే ఆలోచించాలి. తలుపు తెరిచి ఉంచండి, కళ్ళు మూసుకోమని ఎవరినీ బలవంతపెట్టకండి, జరిగింది అందరి ముందు చెప్పమని అడగకండి, వాడుతున్న మందులు మానమని ఎన్నడూ అనకండి. అవసరమైనవారికి 14416 నంబరు ఇవ్వండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లలు ప్రమాదంలో ఉన్నారని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి. ఒక మాట అడుగుతాను: ఇతరుల కష్టం విన్న రాత్రి మీకు నిద్ర పడుతోందా?

ప్రశ్న అడిగినవారు:
పట్టడం లేదండీ. అందుచేత ముందు నా కోసం ఒక కౌన్సెలర్‌ను కలుస్తాను. అంతవరకు బృందంలో ఒకరిగా మాత్రమే పాడతాను. మీ అందరికీ కృతజ్ఞతలు.