మాడ్యులేషన్‌ని ‘గ్రహభేదం’ అనవచ్చా?

ప్రశ్న: పాశ్చాత్య స్వరకర్త షూబర్ట్ ‘అసంపూర్ణ సింఫనీ’ మొదటి భాగం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నానండీ. బి మైనర్‌లో మొదలైన సంగీతం జి మేజర్‌లోకి వెళ్లే చోట (ఇలా మారడాన్నే మాడ్యులేషన్ అంటారు) ‘గ్రహభేదం జరుగుతుంది’ అన్నాను. చదివిన మిత్రుడు ఒప్పుకోవడం లేదు. ఏది సరి?

జవాబు: మీ మిత్రుడిదే సరి. అయితే షూబర్ట్ ఇంకో దారి పట్టి ఉంటే మీ మాట చక్కగా అతికేది.

గ్రహభేదంలో స్వరాలు మారవు, షడ్జం అనుకునే చోటు మారుతుంది. బి స్వరం షడ్జమైన బి మైనర్ మెట్లు మన నటభైరవి రాగం. దాని గాంధారాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం, అంటే డి మేజర్. (కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి పలికే స్వరాలు, వేసేటప్పుడు ఎ షార్ప్ వచ్చి అది కీరవాణి అవుతూ ఉంటుంది. ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.) మైనర్‌లో మొదలైన సింఫనీ మొదటి భాగం రెండో థీమ్ కోసం మామూలుగా వెళ్లేది ఆ డి మేజర్ లాంటి చోటికే. రివాజు ప్రకారం నడిస్తే అది అచ్చమైన గ్రహభేదమే.

1822లో షూబర్ట్ అలా నడవలేదు. ధైవతం మీదికి, జి దగ్గరికి వెళ్లాడు. నటభైరవి ధైవతాన్ని షడ్జం చేస్తే వచ్చేది కల్యాణి. కానీ అక్కడ చెల్లోలు (వయొలిన్ జాతి పెద్ద వాద్యాలు) వాయించే ఆ ప్రసిద్ధమైన వరుస శంకరాభరణం! సి షార్ప్ పోయి మామూలు సి రావాలి, కల్యాణిలోని ‘ప్రతి మధ్యమం’ (పై మ) శంకరాభరణంలోని ‘శుద్ధ మధ్యమం’ (కింది మ) కావాలి. స్వరమే మారింది కాబట్టి గ్రహభేదం అనే మాట నిలవదు.

వెళ్లిన తీరు ఇంకా బాగుంటుంది. బి మైనర్‌లో మొదటి థీమ్ గట్టిగా ముగియగానే హార్న్‌లు, బసూన్‌లు అనే ఊదే వాద్యాలు ఒక్క డి స్వరాన్ని పట్టుకుని ఉంటాయి. ఆ క్షణానికి అది గాంధారం. కింద కార్డ్స్ కదులుతాయి, నాలుగు బార్లు (తాళపు కొలతలు) తిరిగేసరికి మనం జి మేజర్ గుమ్మంలో ఉంటాం, డి అక్కడి పంచమం. పెద్ద సింఫనీలో ఇంత పొదుపైన దాటు అరుదు. మీరు వ్యాసంలో ఆగాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం.

మరొకరు: మేళకర్తల (మూల రాగాల) లెక్క సరే, తంబురా మాటేమిటండీ? కచేరీలో గ్రహభేదం చేసినా తంబురా పాత షడ్జాన్నే మోగిస్తూ ఉంటుంది. విద్వాంసుడు కాసేపు భ్రమ కలిగించి వెనక్కి వస్తాడు. సింఫనీలో అలా పట్టి ఉంచే శ్రుతి లేదు. షడ్జం నిజంగానే కదిలిపోతుంది. అందుకని డి మేజర్‌కి వెళ్లినా సరే, నేను గ్రహభేదం అనను.

జవాబు: నేను చెప్పినదానికంటే ఇది బలమైన అభ్యంతరం. పైగా ఇక్కడ కొత్త చోటు కుదురుగా కూడా ఉండదు. చెల్లోల వరుస నడుస్తూ నడుస్తూ సగంలో తెగిపోతుంది. ఒక బార్ నిశ్శబ్దం, వెంటనే ఆర్కెస్ట్రా అంతా సి మైనర్ కార్డ్ మీద విరుచుకుపడుతుంది. డెవలప్‌మెంట్‌లో (థీమ్‌లను పెంచి నడిపే నడిమి ఘట్టంలో) ఆ వరుస మళ్లీ వినబడదు, దాని వెనక నడిచిన ఎదురు లయ మాత్రమే తొంగి చూస్తుంది. అక్కడ పెత్తనమంతా మొదట్లో చెల్లోలు, బాస్‌లు కింది స్థాయిలో వాయించిన ఎనిమిది బార్లదే.

ప్రశ్న అడిగినవారు: మరి రీకాపిచ్యులేషన్‌లో, అంటే థీమ్‌లు మళ్లీ తిరిగి వచ్చే ఘట్టంలో?

జవాబు: అక్కడే తమాషా. రెండో థీమ్ ఈసారి డి మేజర్‌లో వస్తుంది. మొదటిసారి అందరూ ఎదురుచూసిన చోటు! రివాజు ప్రకారం ఇప్పుడు సొంత షడ్జం బి మీదికి రావాలి. అక్కడికీ చేరతాడు గానీ, ఆలస్యంగా.

మాట విషయానికొస్తే ‘షడ్జం మారుతుంది’ అని రాసేయండి, సంగీతం తెలియనివారికీ అందుతుంది. మీ వాక్యం ఇలా ఉండొచ్చు: ‘బి మైనర్ గాంధారమైన డి స్వరం నిలబడి ఉండగానే కింద షడ్జం జి కి మారుతుంది.’ గ్రహభేదం గురించి చెప్పాలనుకుంటే కల్యాణి ముచ్చటతో విడిగా ఒక పేరా పెట్టండి.