అప్‌డేట్: సగం దూరంలో వేగం సగం ఎందుకు కాదు? (తేలింది)

2 కిలోల దిమ్మె, వేగం సెకనుకు 10 మీటర్లు, ముందుకు తోసే బలం 4 న్యూటన్లు, వెనక్కి లాగే ఘర్షణ 12 న్యూటన్లు. ఆగేలోపు సగం దూరంలో వేగం 5 కాకుండా 7.07 ఎలా వస్తుందని అడిగింది నేనే. జవాబిచ్చినవాళ్లకి థాంక్స్.

పని-శక్తి సిద్ధాంతంతో (నికర బలం చేసే పని, అంటే బలం × దూరం, గతిశక్తిలో వచ్చే మార్పుకి సమానం) చూడమన్న సలహాతో పని అయిపోయింది. నికర ఎదురు బలం 8 న్యూటన్లు. మొదట్లో గతిశక్తి (½ × ద్రవ్యరాశి × వేగం²) 100 జౌల్స్, కాబట్టి 100 ÷ 8 = 12.5 మీటర్లకి ఆగుతుంది. 6.25 మీటర్ల దగ్గర సగమయ్యేది గతిశక్తి, వేగం కాదు. మిగిలిన 50 జౌల్స్‌కి వేగం 7.07. వేగం 5కి పడేసరికి ముప్పాతిక దూరం, 9.375 మీటర్లు, అయిపోతుంది. బలం మారదు కాబట్టి వేగం కాలంతో సమానంగా తగ్గుతుంది, అందుకే కాలం మాత్రం అప్పటికి సరిగ్గా సగమే! నాకు బాగా నచ్చింది ఇదే.

స్థైతిక ఘర్షణ (ఆగి ఉన్న వస్తువుని కదలనివ్వని ఘర్షణ) మీద జవాబుల్లో నడిచిన పెద్ద చర్చ ఈ లెక్కకి అక్కర్లేదు, దిమ్మె కదులుతూనే ఉంది కదా.